అరకిలో ధైర్యం

2014 జనవరిలో కాన్పూరులోని ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ఒక కొత్త రివాల్వరును మార్కెట్లోకి తెచ్చింది. పేరు నిర్భీక్. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో నడుస్తున్న బస్సులో సామూహిక అత్యాచారానికి గురై, పదమూడు రోజులకు చనిపోయిన అమ్మాయిని పత్రికలు నిర్భయ అన్నాయి కదా, ఆ మాటకే ఇది ఇంకో రూపం. ఆడవాళ్ల కోసమే తయారైన మొదటి భారతీయ రివాల్వరు అని ప్రచారం చేశారు. 32 బోరు, ఆరు తూటాలు, టైటానియం మిశ్రలోహం, బరువు 500 గ్రాములు, ధర 1,22,360 రూపాయలు. మెరూన్ రంగు నగల పెట్టెలో పెట్టి ఇస్తారట.

ఆ వార్తలో నన్ను ముందు ఆపింది ధర కాదు, ఆ పెట్టె. మగవాళ్లు కొనే తుపాకీని ఏ రంగు పెట్టెలో పెట్టి ఇస్తారో ఎవరూ వార్త రాయరు. ఆడదాని చేతికిచ్చేది ఆయుధమే అయినా అది నగలాగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, హ్యాండ్‌బ్యాగులో ఇమడాలి. మణిపూర్‌లో తుపాకీ గుళ్లకు ఇంటి మనుషుల్ని పోగొట్టుకున్న స్త్రీలతో పనిచేస్తున్న బినాలక్ష్మి నేప్రం అప్పుడే దీన్ని గట్టిగా విమర్శించారు. ఆడవాళ్లకు కొత్త తుపాకీ చూపించడమంటే ప్రభుత్వం తన వైఫల్యాన్ని తనే ఒప్పుకోవడం అని ఆమె వాదన. 2004 డిసెంబరులో తన కళ్లముందే కాల్పుల్లో చనిపోయిన ఒక యువకుడి భార్యకు ఆమె కుట్టుమిషను కొనడానికి డబ్బు పోగుచేసి ఇచ్చారు. ఆమె సంస్థ అక్కడే మొదలైంది. తుపాకీ పేలిన తర్వాత మిగిలే ఆడవాళ్ల వైపు నుంచి తుపాకీని చూసిన మనిషి ఆమె.

సిద్ధాంతంగా నాకూ అదంతా సబబుగానే తోచింది. అయితే సిద్ధాంతం వేరు, ఇంటి గడప దగ్గరికొచ్చిన భయం వేరు.

మా ఆయన 2021లో కోవిడ్‌తో పోయాడు. బంగారుపాళెం వైపు ఆయన పేరున మూడెకరాల తోతాపురి తోట ఉంది. నేను తిరుపతిలో ఉంటాను, కూతురు బెంగుళూరులో. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యా పిల్లలూ మొదటి వరస వారసులు. ఈ సంగతి మా దాయాదులకు తెలియక కాదు. "తోట ఎవరు చూస్తారు, ఆడదానివి ఒక్కదానివి, మాకు రాసిచ్చేయి" అని మంచి మాటలతోనే మొదలుపెట్టారు. తర్వాత హద్దురాళ్లు జరిగాయి. బోరు మోటారు వైర్లు తెగాయి. తోటలో కాపలా ఉండే పెద్దామె ఒకరోజు ఫోన్ చేయించి, "అమ్మణ్ణీ, వాళ్లు తాగేసి వచ్చి నీ పేరు పెట్టి తిడతా వుండారు. పొద్దుగూకినాక నువ్వొకదానివే ఈడికి రావద్దు" అంది.

అప్పుడు మా తమ్ముడు అన్నాడు: "ఒక రివాల్వరు పెట్టుకోక్కా. దాన్ని నువ్వు కాల్చే పనే రాదు. నీ దగ్గర ఉందని వాళ్లకు తెలిస్తే చాలు."

నాకు తుపాకీ అంటే రోత లేదు. డిగ్రీలో ఎన్.సి.సి.లో ఉన్నాను. క్యాంపులో నేలమీద బోర్లా పడుకుని 22 బోరు రైఫిలు కాల్చాను. "లాగొద్దు, నొక్కు, ఊపిరి బిగబట్టి నొక్కు" అని మాకు నేర్పిన హవల్దారు గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. నా తూటాలు గురికి దగ్గరగా పడినప్పుడు కలిగిన సంతోషమూ గుర్తుంది. ఆడవాళ్ల స్వభావానికి ఆయుధం సరిపడదనే మాట నేను ఒప్పుకోను. కాబట్టి మావాడి సలహాను తోసేయకుండా, ఏ వస్తువు కొనేముందైనా చూసుకున్నట్టే చూశాను. వాడడానికి వీలుగా ఉంటుందా? సరుకు మంచిదేనా? ధర మనం భరించగలమా?

ముందు వీలు సంగతి. అరకిలో అంటే ఒక పెద్ద తోతాపురి కాయంత బరువు. మామూలు 32 బోరు రివాల్వరు ఏడు వందల గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి ఇది తేలికే. అయితే ఈ తేలిక మోసేటప్పటిది, కాల్చేటప్పటిది కాదు. తూటా ముందుకు పోయే బలమే తుపాకీని వెనక్కి తంతుంది. తుపాకీ ఎంత తేలికైతే ఆ తన్ను అంత ఎక్కువగా మణికట్టుకు తగులుతుంది. మళ్లీ రివాల్వరులో హ్యామర్‌ను ముందే వెనక్కి లాగి పెట్టుకోకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కాలంటే వేలికి చాలా బలం కావాలి. భయంతో చెమట పట్టిన చేతికి ఇంకా కష్టం. అంటే బ్యాగులో ఉన్నంతసేపు సుఖంగా ఉండేది అవసరం పడినప్పుడు ఇబ్బంది పెడుతుంది. తూకం చూసినవాళ్లు మన భుజాన్ని లెక్కేశారు గానీ మన మణికట్టును లెక్కెయ్యలేదు.

ఇంతకీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? మగవాడి ప్యాంటుకు బెల్టుంది, జేబులున్నాయి. చీరకు ఏమున్నాయి? రొంటిన చిల్లర దోపుకోవచ్చు గానీ రివాల్వరు దోపుకోలేం. బ్యాగులోనే పెట్టుకోవాలి. బ్యాగు జిప్పు తీసి, కళ్లద్దాల పెట్టె, మందుల డబ్బా, ఇంటి తాళాలు పక్కకు నెట్టి దాన్ని బయటికి తీసేలోగా ఎదుటివాడు ఊరికే నిలబడి ఉండడు కదా.

ఇక నేను తిరిగే చోట్లేవి? దావా వేస్తే కోర్టుకు పోవాలి, లోపలికి ఆయుధం తీసుకుపోనివ్వరు. కొండకు పోవాలంటే అలిపిరి తనిఖీ దాటాలి. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకుల్ని పోలీసు స్టేషన్లో అప్పజెప్పమంటారు. మా వైపు ఊళ్లలో పాత కక్షలు నిద్ర లేచేది సరిగ్గా అప్పుడే.

రెండోది నాణ్యత. మన చట్టంలో సైన్యం, పోలీసులు వాడే బోర్లు మామూలు మనుషులకు నిషిద్ధం. అందుకే మనకు దొరికేవి ఎక్కువగా 32 బోరువే. నిర్భీక్ వచ్చిన కాలంలోనే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి నిడర్ అనే 22 బోరు రివాల్వరు వచ్చింది. పావుకిలో బరువు, ధర 35 వేలకు అటూ ఇటూ. అందులో దెబ్బ బలం ఇంకా తక్కువ. 2021లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలుగా విడగొట్టారు. వాటిలో కాన్పూరు కంపెనీ 2023లో ప్రబల్ అనే రివాల్వరును తెచ్చి, యాభై మీటర్ల దాకా గురి అంది. యాభై మీటర్ల దూరంలో ఉన్నవాడి నుంచి ఏ ఆడదానికైనా ఆత్మరక్షణ అవసరమా? మనల్ని హింసించేవాడు చేతికందేంత దగ్గరలోనే ఉంటాడు. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు ఏటా అదే చెబుతున్నాయి. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువో, ఇరుగుపొరుగువాడో, ప్రేమించానన్నవాడో. అన్నం పెట్టిన చేత్తో అతని మీద రివాల్వరు గురిపెట్టమని ఆ నగల పెట్టె మనకు చెబుతున్నట్టు.

నాణ్యత అంటే లోహం ఒక్కటే కాదు, చేతికి ఉండే అలవాటు కూడా. 2016 ఆయుధాల నియమాల ప్రకారం తుపాకీని జాగ్రత్తగా వాడడంలో శిక్షణ పొందినట్టు చూపాలి. మంచి నియమమే. అయితే ఒకసారి నేర్చుకుంటే సరిపోదు, ఏడాదంతా సాధన చెయ్యాలి. అరవై దగ్గరపడిన ఆడమనిషి రోజూ పోయి కాల్చి నేర్చుకునే చోటు నాకు ఎక్కడా కనిపించలేదు. వివరాలు అడుగుదామని ఒక ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా మర్యాదగానే అడిగాడు, "మీ ఇంట్లో మగవాళ్లెవరూ లేరా మేడమ్?" అని. మగవాళ్లుంటే తుపాకీ ఎందుకని అతని ఉద్దేశమో, మగవాళ్లుంటేనే తుపాకీ ఇస్తారని ఉద్దేశమో తెలుసుకోలేదు.

దరఖాస్తు కలెక్టరు దాకా పోవాలి, పోలీసులు విచారించాలి, ప్రాణహాని ఉందని నమ్మించాలి. వచ్చిన లైసెన్సును అయిదేళ్లకోసారి కొత్త చేయించుకోవాలి. ఇవన్నీ దాటి, నిజంగానే కాల్చాల్సి వచ్చిందనుకోండి. అత్యాచారానికి తెగబడేవాణ్ణి ప్రాణం పోయేదాకా ఎదిరించే హక్కు చట్టం మనకిచ్చింది. పాత శిక్షాస్మృతిలో నూరో సెక్షను, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ముప్ఫై ఎనిమిదో సెక్షను. కానీ అది ఆత్మరక్షణేనని చూపించుకోవాల్సిన భారం కాల్చిన మనిషి మీదే ఉంటుంది. ఆ పూట ఎందుకక్కడ ఉన్నావు, వాడు నీకు ఏమవుతాడు, ముందే ఎందుకు ఫిర్యాదు చెయ్యలేదు. ఈ ప్రశ్నలు మనకు కొత్తవా?

ఇక్కడ చిత్తూరు గురించి చెప్పకుండా ఉండలేను. 2015 నవంబరు 17న చిత్తూరు మేయరు కఠారి అనురాధను నగరపాలక సంస్థ కార్యాలయంలో, ఆమె గదిలోనే కాల్చి చంపారు. అదే దాడిలో గాయపడిన ఆమె భర్త మోహన్ వేలూరు ఆసుపత్రిలో చనిపోయాడు. హంతకులు బురఖాల్లో వచ్చారు. ప్రధాన నిందితుడు భర్త మేనల్లుడు. పదేళ్ల తర్వాత, 2025 అక్టోబరులో, చిత్తూరు కోర్టు ఈ కేసులో అయిదుగురికి మరణశిక్ష విధించింది.

ఆమె సామాన్యురాలు కాదు. పదవి ఉంది, చుట్టూ సిబ్బంది ఉన్నారు, పట్టపగలు. ఆమె మేజా సొరుగులో ఒక నిర్భీక్ ఉంటే ఏమయ్యేది? అర్జీ ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లనుకుని తలెత్తి చూసే మేయరు ముందుగా సొరుగు తెరవదు కదా. ఆడవాళ్ల మీద ఎవరికీ అనుమానం రాదని తెలిసే వాళ్లు ఆడవాళ్ల బట్ట కప్పుకున్నారు. ఇరవై అడుగుల గదిలో మొదటి తూటా ఎవరిదైతే వాళ్లదే గెలుపు. మొదటి తూటా ఎప్పుడూ చంపాలని నిర్ణయించుకుని వచ్చినవాడిదే. ఆత్మరక్షణకని కొనుక్కునేవాళ్లది రెండో తూటా.

మూడోది ధర. 1,22,360 అనేది 2014 నాటి లెక్క. దాన్ని మా పంటతో కొలిచి చూసుకున్నాను. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది రూపాయలివ్వాలనీ, ప్రభుత్వం నాలుగు కలపాలనీ నిర్ణయించారు. ఎనిమిది లెక్కన ఆ రివాల్వరు పదిహేను టన్నుల కాయ. నాలుగూ కలిపినా పది టన్నుల పైమాటే. మందులు కొట్టించి, నీళ్లు కట్టి, కోయించి, ట్రాక్టరుకెత్తి, ఫ్యాక్టరీ గేటు ముందు రాత్రింబవళ్లు వరసలో నిలబడితే వచ్చే డబ్బు. నిర్భయ పేరు పెట్టిన ధైర్యం ఏ నిర్భయ కొనగలదు? రాత్రి పూట బస్సు కోసం నిలబడే అమ్మాయి కొనలేదు. కారున్నవాళ్లు కొంటారు.

డబ్బుకు మించిన ధర ఇంకొకటుంది. మావాడు "ఉందని తెలిస్తే చాలు" అన్నాడు కదా, ఆ మాటనే తిప్పి తిప్పి ఆలోచించాను. నా దగ్గర రివాల్వరు ఉందని వాళ్లకు తెలిస్తే ఏం చేస్తారు? భయపడి ఊరుకోవచ్చు. లేదా ఈసారి కర్రలతో కాకుండా ఇంకాస్త సిద్ధపడి రావచ్చు. వచ్చేదెక్కడికి? తిరుపతిలో మూడో అంతస్తులో ఉన్న నా ఇంటికి కాదు. తోటలో మోటారు షెడ్డు పక్కన గుడిసెలో పడుకునే పెద్దామె దగ్గరికి. ఆమె దళిత స్త్రీ. భర్త లేడు. నా భూమి కోసం పడే తిట్లన్నీ ముందు ఆమె చెవినే పడుతున్నాయి. రివాల్వరు నా బీరువాలో, నా పేరు మీద. దాని వల్ల పెరిగే ప్రమాదం మాత్రం ఆమె తల మీద. తేలికైన తుపాకీ బరువు చివరికి ఎవరి మీద పడుతుందో ఆ ప్రచారంలో ఎక్కడా రాయలేదు.

ఆడవాళ్లు తుపాకీ పట్టడం మన నేలకు కొత్తేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు దళాలతో తిరిగారు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకు అందులోని ఒక సంగతి మరుపురాదు. 1951లో పోరాటం విరమించాక అందులో పాల్గొన్న ఆడవాళ్లలో చాలామంది మళ్లీ ఇళ్లకూ వంటలకూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. తుపాకీ పట్టిన చేతికి నిర్ణయం చేసే హక్కు దానంతటదే రాలేదు. మరి 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్ల చేతుల్లో ఉన్నవేమిటి? చీపుర్లు, కారప్పొడి. వాటి కన్నా పెద్ద ఆయుధం పక్క మనిషి. 1995 జనవరిలో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చిందంటే ఆ గుంపే కారణం. నిషేధం నిలవలేదనేది వేరే కథ.

అలాగని రివాల్వరు కొనుక్కున్న ఆడవాళ్లను తక్కువ చేయలేను. నా స్నేహితురాలు ఒకామె డాక్టరు. నర్సింగ్ హోం మీద రెండుసార్లు దాడి జరిగాక లైసెన్సు తీసుకుంది. నా వాదనంతా విని ఆమె అంది, "నువ్వు చెప్పేదంతా నిజమే. కానీ అది పక్కన ఉన్నప్పటి నుంచి నేను నిద్రపోతున్నాను. నిద్రకు లెక్క కట్టావా?" నిజమే, నేను నిద్రకు లెక్క కట్టలేదు. రాత్రి మెట్ల మీద చప్పుడైతే లేచి కూర్చునే ఆడవాళ్లకు ఆ నిద్ర విలువ తెలుసు. ఆమె కొనుక్కున్న నిద్రను నేను కాదనలేను. అయితే అది ఆమె నిద్ర. తలుపు దగ్గర కూర్చునే ఆయా నిద్ర కాదు. ఈ మాట అంటే ఆమె కాసేపు ఊరుకుని, "ఆయాకు కూడా లైసెన్సు తీసుకోమంటావా?" అని నవ్వింది. ఇద్దరం నవ్వాం గానీ ఆ ప్రశ్న మా మధ్య అలాగే ఉండిపోయింది.

నేను దరఖాస్తు పెట్టలేదు. ఆ డబ్బునే వేరే రకంగా పంచాను. లాయరుకు 30 వేలు. సర్వేకూ కాగితాలకూ 4 వేలు. దాయాదుల వైపు రాతికూసాలతో కంచెకు 60 వేలు. సోలారు దీపాలకూ కెమెరాకూ 18 వేలు. మిగిలిన పదివేలతో పెద్దామెకు ఒక ఫోను కొన్నాను. ఆమె చేత 112 నొక్కించి చూపించాను. మండల ఆఫీసు చుట్టూ తిరిగి పాసు పుస్తకం నా పేరునా అమ్మాయి పేరునా మార్పించాను. ఇంజంక్షన్ ఆర్డరు వచ్చింది. అయినా కంచె ఒకసారి విరిచారు. మళ్లీ వేయించాం. నిర్భీక్ అంటే భయం లేనిదని అర్థం. నాకు భయం పోలేదు. పొద్దుగూకాక ఫోన్ మోగితే గుండె ఇప్పటికీ జల్లుమంటుంది.

మావాడికి ఇంకా నా మీద కోపమే. "ఏదన్నా అయినాక అనుకుంటావులేక్కా" అంటాడు. కావచ్చు. కాకపోతే మూసిన బీరువాకు బదులు ఇప్పుడు నలుగురికి తెలిసిన గొడవ ఉంది. తోట పక్కన కూలికి పోయే ఆడవాళ్లు ఆ దారిన పోతూ పెద్దామెను పలకరించి పోతున్నారు. వైర్లు కోసిన రాత్రి ఆమె చూసిన మనుషుల్ని ఆమె గుర్తుపట్టగలదు. వచ్చే వాయిదాకు కోర్టుకొచ్చి సాక్ష్యం చెబుతానంది. "జడ్జి ముందర నిలబడుకోని చెప్పల్ల కదా అమ్మణ్ణీ, ఏం చీర కట్టుకోని రావల్ల?" అని నిన్న ఫోన్‌లో అడిగింది.